వెనక లారీ ఇస్పిరియెన్

ఇస్పిరియెన్ జీవితమంతా లారీ తోలాడు కానీ దారి చూడలేదు.

ఇది వేళాకోళానికి అంటున్న మాట కాదు. గనికి పెద్ద యంత్రాలు చేరవెయ్యాలంటే మా వైపు నదులు గడ్డకట్టి, బురద నేలలు రాయిలా బిగిసేదాకా ఆగాలి. వేసవిలో అక్కడ దారే ఉండదు. చలికాలంలో మంచు మీద తొక్కుకుంటూ పోయిందే దారి. ఆ దారిలో ఒక్కో యంత్రానికి రెండు లారీలు కావాలి. ముందు లారీ యంత్రాన్ని మోసే బండిని లాగుతుంది. వెనక లారీ ఎక్కుడులో మూతి ఆనించి నెడుతుంది, దిగుడులో ఉక్కు తాడుతో బండి తోక పట్టుకుని ఆపుతుంది. ముందు లారీవాడికి ఆకాశం, కొండలు, దారికి అడ్డంపడే కుందేళ్ళు, అన్నీ కనిపిస్తాయి. వెనక లారీవాడికి ఇనుము పిర్ర తప్ప ఇంకేమీ కనిపించదు. ఇస్పిరియెన్ వెనక లారీవాడు.

గని భోజనశాలలో ఎవడైనా, "ఏం అన్నా, ఈసారి దారెలా ఉంది?" అని అడిగితే, "తుప్పు పట్టింది" అని, మళ్ళీ సూపులోకి తల వంచేసేవాడు.

పొట్టి మనిషి. మెడ ఉందో లేదో తెలిసేది కాదు. నాలుగు మాటలు చెప్పాల్సిన చోట ఒకటి చెప్పి, ఆ ఒకటి కూడా ఎందుకు చెప్పానా అన్నట్టు చూసేవాడు. సైబీరియా చలిలో బతికే మా సఖా జాతి జనంలో మాటకారులకి కొదవలేదు, రాత్రంతా కథ చెప్పి తెల్లారాక కూడా ఆపనివాళ్ళు ఉన్నారు. అలాంటి జాతిలో ఈయన ఎలా పుట్టాడో ఆ దేవుడికే తెలియాలి.

నా పేరు గవ్రీల్. నా ఉద్యోగం ఇంకా గొప్పది. లారీలు రెండూ కొండ ఎక్కి దిగుతుంటే నేను పక్కన నడిచేవాణ్ణి. మనిషి నడుమంత మందం ఉన్న దుంగ ముక్కని తాడు కట్టి ఈడ్చుకుంటూ, దిగుడులో బండి జారితే దాని చక్రం కింద పడెయ్యడం నా పని. అందుకే ముందు లారీ, వెనక లారీ రెండూ ఒకేసారి కనిపించేది నా ఒక్కడికే. ఇద్దరిలో ఎవరికీ నా మాట వినపడేది కాదు. ఆ ఇంజన్ల రొదలో నా కేకలు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

వాళ్ళిద్దరి మధ్య మాట అంటే హారనే. ముందువాడు ఒకసారి కొడితే, గట్టిగా పట్టు అని. రెండుసార్లు కొడితే, కాస్త వదులు చెయ్యి అని. మూడుసార్లు పొడుగ్గా కొడితే, చీల లాగెయ్ అని. ఉక్కు తాడుని వెనక లారీ మూతికి తగిలించే కొక్కేనికి ఒక చీల ఉంటుంది. చీలకి కట్టిన తోలుతాడు కిటికీ సందులోంచి డ్రైవరు ఎడమ చేతి దగ్గరికి వస్తుంది. అది లాగితే తాడు తెగిపోయినట్టే.

మూడు కొట్టాడంటే ముందువాడికి బండి చెయ్యి దాటిపోయిందని, తను దూకేస్తున్నాడని అర్థం. దిగుడులో వాడి తలుపు ఎప్పుడూ తీసి తాడుతో కట్టి ఉంటుంది. కొండ వైపు మంచులోకి దూకుతాడు. ఆ క్షణాన వెనకవాడు చీల లాగితే బండి నేరుగా పోయి లోయలో పడుతుంది. పడనీ, ఇనుమే కదా. లాగకుండా తోక పట్టుకున్నాడా, బండి నేరుగా పోలేదు. నడుం తిప్పుకుని కొండ వైపు ఒరిగిపోతుంది, అంటే దూకినవాడి మీదకి. గని దారిలో మంచు తొక్కిన ప్రతివాడికీ ఇది తెలుసు. వెనకవాడికి ముందువాడు కనిపించడు కాబట్టి, మూడు వినపడితే ఆలోచించకూడదు. లాగెయ్యాలి.

ఇస్పిరియెన్ ఒకసారి లాగాడు కూడా. అప్పట్లో ముందు లారీ ఓస్తప్ అనే ఉక్రెయిన్ వాడిది. రాయి పగలగొట్టే యంత్రం తెస్తున్నాం. కనుమ దిగుతుంటే మూడు హారన్లు మోగాయి. మూడోది పూర్తిగా మోగకముందే ఇస్పిరియెన్ చీల లాగేశాడు. యంత్రం లారీని కూడా వెంటేసుకుని లోయలో పడింది. మంచులోంచి ఓస్తప్ లేచి నిలబడ్డాడు, ముక్కులో మంచు, మీసాల్లో మంచు. ముందు మా అందరి అమ్మల్నీ తిట్టాడు, ఆ తర్వాత చుట్ట అడిగాడు. ఆ రాత్రి గనిలో ఇస్పిరియెన్ని భుజాల మీద ఎత్తుకున్నారు. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇంట్లో మాత్రం వేరే కథ.

ఆయన భార్య బలగియా ఊళ్ళో రొట్టెల బట్టీలో పనిచేసేది. నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. ఎవరు వచ్చినా వెన్న, రొట్టె పెట్టకుండా పంపేది కాదు, నాలుగు తిట్టకుండా అసలు పంపేది కాదు. ఆమె పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తల్లి పోయింది. పాలు తాగే తమ్ముణ్ణి వీపున కట్టుకుని పెంచింది. ఆ తమ్ముడే కిప్రియాన్. సైన్యం నుంచి వచ్చి లారీ నేర్చుకున్నాడు. ఓస్తప్ తన ఊరు వెళ్ళిపోతే ముందు లారీ ఖాళీ అయింది. కిప్రియాన్ అడిగాడు, గనివాళ్ళు ఇచ్చేశారు.

ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. బలగియా పొయ్యి మీద అట్లు పోస్తోంది.

"ముందు లారీ నీకు, వెనక లారీ మా ఆయనకా? బాగానే ఉంది సంబరం" అంది తమ్ముడితో. "మీ బావ మీద నీకంత నమ్మకం దేనికిరా?"

"బావ మీద నమ్మకం కాదక్కా. ఆ లారీ మీద. బావ నిద్రపోయినా అది ఆగదు" అన్నాడు కిప్రియాన్.

"నేను నిద్రపోతే నీ గురక వినపడాలిగా, లేపడానికి" అన్నాడు ఇస్పిరియెన్. ఆయన నోట అంత పొడుగు మాట రావడం బామ్మర్దితోనే. మిగతా లోకంతో ఆయనకి పేచీ లేదు, మాటా లేదు.

నవ్వులయ్యాక బలగియా గరిట పక్కన పెట్టింది. ఆమె గొంతు మారింది.

"ఆ ఓస్తప్‌ని వదిలేశావట కదా. మొత్తం ఊరు మెచ్చుకుంది. వాడెవరి బిడ్డో ఏమో. నా తమ్ముణ్ణి కూడా అలాగే వదిలేస్తావా?"

"వదలకపోతేనే ప్రమాదం."

"వదిలితే బతుకుతాడు, పట్టుకుంటే చస్తాడు! ఏ లోకంలో ఉందయ్యా ఈ లెక్క? చిన్నప్పుడు నదిలో మంచు విరిగితే నేను వీడి జుట్టు పట్టుకున్నాను. వదిలేసి ఉంటే ఇవాళ వీడు నీకు బామ్మర్ది అయ్యేవాడా?"

ఇస్పిరియెన్ నోరు తెరిచాడు. బండి నడుం తిరగడం, కొండ వైపు, లోయ వైపు, ఇదంతా ఆవిడకి చెప్పాలి. చేతులతో గాల్లో ఏదో గీశాడు. సగంలో ఆగిపోయాడు. నా వైపు చూశాడు. నేనూ చెప్పబోయాను. "నువ్వు నోరుముయ్ గవ్రీల్, నువ్వు నడిచేవాడివి" అంది.

కిప్రియాన్ నవ్వుతూ, "ఊరుకో అక్కా, అవన్నీ పనిలో మాటలు" అన్నాడు.

ఆమె ఊరుకోలేదు. వెన్నముద్ద తీసి పొయ్యిలో వేసింది. మంట ఎత్తుగా లేచింది. మా జనంలో నిప్పుకి తినిపించాక దాని ముందు అన్న మాట అలంకారం కాదు.

"చెప్పు. నిప్పు వింటోంది. నా తమ్ముణ్ణి వదలనని చెప్పు."

అలసిపోయి వచ్చిన మనిషి. ఆకలిగా ఉన్నాడు. గొడవ ఆగిపోతే చాలనుకున్నాడేమో. "వదల్ను" అన్నాడు.

బలగియా కళ్ళు తుడుచుకుని అట్లు వడ్డించింది. అందరం తిన్నాం. చాలా బాగున్నాయి. నిప్పు ముందు ఆయన అన్న మాట నాకు మర్నాటికే గుర్తు లేదు.

ఆ చలికాలం మొదట్లో అన్నీ చిన్న సరుకులే. బావా బామ్మర్దీ కలిసి తోలుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉండేది. దిగుడు మొదలయ్యే ముందు కిప్రియాన్ లారీ దిగి, నడిచి వెనక్కి వచ్చి, తన టీ ఫ్లాస్కు బావ చేతికి ఇచ్చేవాడు. ముందువాళ్ళు వెనకవాళ్ళకి ఇలా ఇవ్వడం ఎప్పటి నుంచో ఉన్నదే. కిందికి దిగాక కలిసి తాగుదాం అని. దిగాక ఫ్లాస్కు తిరిగి వచ్చేది, అందులో టీ సగం ఉండేది. "పై సగం ఏమైంది బావా?" అంటే, "ఆవిరైంది" అనేవాడు.

వసంతం దగ్గర పడుతుండగా వచ్చింది మిల్లు డ్రమ్ము. బంగారం రాయిని నూరి పిండి చేసే డ్రమ్ము అది. లోపల ఒక కుటుంబం కాపురం పెట్టొచ్చు. అంత బరువు ఆ దారిలో ఎప్పుడూ పోలేదు. పగటి ఎండకి దారి పైపొర కరిగి, సాయంత్రానికి అద్దంలా బిగుసుకుంటున్న రోజులు. ఇంకో చలికాలం ఆగితే కొంపలేమీ మునగవు. కానీ గనికి ప్రణాళిక అంటే పైవాడి మాట, పైవాడికి మంచు సంగతి తెలియదు. బయల్దేరమన్నారు. బయల్దేరాం. ఇందులో మమ్మల్ని అడిగేదేముంది?

గడ్డకట్టిన నది మీద నుంచి క్షేమంగానే దాటాం. నదిని మేం పేరు పెట్టి పిలవం, అవ్వ అంటాం. అవ్వ కాస్త మూలిగింది గానీ మొయ్యగలిగింది. కనుమ ఎక్కేసరికి మిట్ట మధ్యాహ్నం. పైన చెట్టు కొమ్మకి కనుమ దేవత మొక్కుగా గుర్రం వెంట్రుకలు కట్టి, అట్టు ముక్క పెట్టాం. కిప్రియాన్ వెనక్కి నడిచి వచ్చాడు. ఫ్లాస్కు ఇచ్చాడు.

"సగం ఉంచు బావా ఈసారైనా."

"చూద్దాం."

"ఈ దిగుడు అయిపోతే చాలు, వేసవంతా పడుకుంటాను. అక్క తిట్టినా లేవను."

"అక్క తిట్టదు. తంతుంది" అన్నాడు ఇస్పిరియెన్. కిప్రియాన్ నవ్వుతూ వెళ్ళిపోయాడు. తన తలుపు తీసి తాడుతో కట్టుకున్నాడు.

సగం దిగుడు బాగానే దిగాం. ఒక హారన్, పట్టు. రెండు హారన్లు, వదులు. నేను దుంగ ఈడ్చుకుంటూ పక్కన పరుగెత్తుతున్నాను. దారి కొండని చుట్టుకునే వంపు దగ్గర పైన కొత్త మంచు, కింద అద్దం. డ్రమ్ము బండి చక్రాలు తిరగడం ఆపేశాయి, కానీ బండి పోతూనే ఉంది. నేను దుంగ పడేశాను. అగ్గిపుల్లలా చిట్లిపోయింది. డ్రమ్ము ముందు లారీని తోసుకుంటూ పోతోంది. వెనక లారీ కూడా గొలుసులు చుట్టిన చక్రాలతో గీరుకుంటూ దాని వెనకే జారుతోంది.

మూడు హారన్లు. పొడుగ్గా, ఏ అనుమానమూ లేకుండా, కొండ మారుమోగేలా.

కిప్రియాన్ దూకాడు. నేను చూశాను. ఎంత చక్కగా దూకాడంటే, ఓస్తప్ కంటే బాగా. కొండ వైపు మంచులో పడి, దొర్లి, మోకాళ్ళ మీద లేచాడు. తల మీద టోపీ కూడా ఊడలేదు. ఇక చీల లాగడమే మిగిలింది.

వెనక్కి తిరిగి చూశాను. తాడు ఇంకా బిగుతుగా ఉంది.

"దూకేశాడు! దూకేశాడన్నా! లాగెయ్!" అని అరిచాను. చేతులూపాను. టోపీ తీసి ఊపాను. మంచు పట్టిన అద్దం వెనక ఇస్పిరియెన్ ముఖం కనిపిస్తోంది. ఆయన నా వైపు చూడటం లేదు. బ్రేకు మీద నిలబడి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ఎదురుగా ఉన్న ఆ ఇనుమునే చూస్తున్నాడు. ఎడమ చెయ్యి తోలుతాడు మీద లేదు. నేను ఎంత అరిచినా నా గొంతు నా చెవికే చేరలేదు.

తోక పట్టుకున్న బండి నడుం తిప్పుకుంది. ముందు లారీ తెగి లోయలోకి పోయింది. డ్రమ్ము మెల్లగా, ఏ తొందరా లేకుండా, కొండ వైపు ఒరిగింది. కిప్రియాన్‌కి లేచి పరుగెత్తడానికి నడుములోతు మంచు. డ్రమ్ము కొండకి ఆనుకుని ఆగిపోయింది. వాడి నడుం కింది భాగం ఆ మధ్యలో ఉంది.

నేను దగ్గరికి వెళ్ళేసరికి కళ్ళు తెరిచే ఉన్నాడు.

"నొప్పి లేదు గవ్రీల్. అదే మంచిది కాదు" అన్నాడు.

జాకీ తెచ్చాను. మంచులోకి దిగబడిపోయింది. గడ్డపార తెచ్చి తవ్వాను. కొంచెం తవ్వగానే డ్రమ్ము కిర్రుమంది, ఆపేశాను. అప్పుడు అర్థమైంది నాకు. ఆ డ్రమ్ముని ఇంకా కిందికి జారకుండా, వాణ్ణి పూర్తిగా నలిపెయ్యకుండా ఆపుతున్నది ఇప్పుడు ఆ ఉక్కు తాడే. వెనక లారీ బ్రేకు మీద కాలు తీస్తే అంతే. చక్రాల కింద దొరికిన దుంగలన్నీ పెట్టాను. ఇస్పిరియెన్ కాలు కాస్త ఎత్తి చూశాడు. లారీ వెంటనే ముందుకి పాకింది. మళ్ళీ తొక్కేశాడు. ఇక ఆయన దిగలేడు. సాయం కోసం వెళ్ళగలిగిన లారీ అదొక్కటే, అది కదలకూడదు. బామ్మర్ది ఆ డ్రమ్ము అవతలే ఉన్నాడు, ఆయన వెళ్ళి చూడకూడదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. మాకు నుయ్యీ గొయ్యీ ఒకటే అయ్యాయి.

రేడియో ఉన్న గుడిసె పగలంతా నడిస్తే వస్తుంది. బయల్దేరబోయాను.

"కూర్చో" అన్నాడు కిప్రియాన్. "నువ్వు తిరిగొచ్చేసరికి నేనుండను. దారిలో నువ్వూ ఉండవు. నాకు కబుర్లు చెప్పేవాళ్ళు కావాలి."

విడి టైరుకి నిప్పు పెట్టాను. నల్లటి పొగ నిలువుగా లేచింది. చూసేవాళ్ళు ఉంటే కదా. అప్పటి నుంచి నా పని వాళ్ళిద్దరి మధ్య తిరగడం. పైకి, వెనక లారీ దగ్గరికి వెళ్ళి ఆయన మాట విని, కిందికి వచ్చి వీడికి చెప్పడం. వీడి మాట తీసుకుని మళ్ళీ పైకి ఎక్కడం.

"మూడు కొట్టాను కదా. బావకి వినపడలేదా?" అని అడిగాడు కిప్రియాన్.

పైకి వెళ్ళాను. ఇస్పిరియెన్ ముఖం నిండా చెమట, అంత చలిలో. కాలు వణుకుతోంది, తీయడం లేదు.

"వినపడలేదా అని అడుగుతున్నాడు."

"వినపడింది."

"మరి?"

"చెయ్యి వెళ్ళలేదు" అన్నాడు. "పొయ్యి ముందు అన్నాను కదా. చెయ్యి వెళ్ళలేదు గవ్రీల్. దూకాడా?"

"దూకాడు."

"బాగా దూకాడా?"

అబద్ధం చెప్పాలనిపించింది. నాకు చేతకాలేదు. "బాగానే దూకాడు" అన్నాను. ఆయన స్టీరింగు మీద నుదురు ఆనించాడు. కాలు మాత్రం అలాగే ఉంది.

కిందికి వచ్చి చెప్పాను. వీడికి కోపం వస్తుందనుకున్నాను. రావాలి కదా? నాకు వచ్చింది. బలగియా మీద, ఆయన మీద, గనిలో కూర్చుని బయల్దేరమన్నవాడి మీద, ఆ దిక్కుమాలిన డ్రమ్ము మీద. కిప్రియాన్ నవ్వాడు.

"మా అక్కేనా! చిన్నప్పుడు కూడా అంతే. నన్ను వీపు మీంచి దించేది కాదు. అందుకే నాకు నడక ఆలస్యంగా వచ్చింది." కాస్త ఆగి, "టీ ఉందా?" అన్నాడు.

ఫ్లాస్కు బావ దగ్గరే ఉంది. పైకి వెళ్ళాను. ఇస్పిరియెన్ మూత తీసి చూపించాడు, నిండుగా ఉంది. "ఈసారి తాగలేదని చెప్పు" అన్నాడు. చెప్పాను.

"కిందికి దిగాక తాగుదామన్నాం. నేను దిగాను. బావే ఇంకా పైన ఉన్నాడు" అన్నాడు కిప్రియాన్. టీ ఇంకా వేడిగానే ఉంది. రెండు గుక్కలు తాగి, మిగతాది బావకి ఇమ్మన్నాడు.

ఎండ కొండ మీదకి వాలుతుండగా నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కకి చెప్పకండి. ఇద్దరూ. మూడు కొట్టానని చెప్పకండి. దూకానని చెప్పకండి. జారింది, పోయాను, అంతే. బావ దగ్గర మాట తీసుకో."

పైకి వెళ్ళి మాట తీసుకున్నాను. ఈసారి నిప్పు ముందు అవసరం లేదు, ఆయన తలూపాడు. తిరిగి వచ్చేసరికి కిప్రియాన్ పొగ వైపు చూస్తున్నాడు. రెప్ప వెయ్యలేదు.

ఆయనకి చెప్పడానికి మళ్ళీ ఆ ఎక్కుడు ఎక్కాను. నా జీవితంలో అంత ఎత్తు ఎప్పుడూ ఎక్కలేదు. "ఇక కాలు తియ్యొచ్చు అన్నా" అన్నాను. తియ్యలేదు. మర్నాడు గనివాళ్ళు ట్రాక్టరు వేసుకుని వెతుక్కుంటూ వచ్చి డ్రమ్ముకి గొలుసులు బిగించేదాకా అలాగే తొక్కి పట్టుకుని ఉన్నాడు. ఆయన్ని లారీలోంచి నలుగురం మోసి దించాం. కాలు వంగలేదు.

గడ్డకట్టిన మా నేలలో సమాధికి గొయ్యి తవ్వాలంటే ముందు మంట వేసి కరిగించాలి. ఆ మంట దగ్గర వేరే ఎవర్నీ కూర్చోనివ్వలేదు ఆయన. కట్టె వేస్తూ, బొగ్గు తీస్తూ, కరిగినంత తవ్వుతూ, మళ్ళీ కట్టె వేస్తూ. బలగియా వచ్చి ఎదురుగా కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"వదిలావా?"

"వదల్లేదు" అన్నాడు.

ఆమె లేచి, చుట్టూ తిరిగి వచ్చి, ఆయన చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నాకు తెలుసు" అంది. "నాకు తెలుసు. చివరిదాకా నువ్వు పట్టుకునే ఉన్నావు. నా తమ్ముడు ఒంటరిగా పోలేదు." ఇస్పిరియెన్ మంట వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన చేతులు ఆమె చేతుల్లో ఎలా ఉన్నాయో నేను చూడలేకపోయాను.

డ్రైవర్లకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. కనుమ దగ్గర జాడ చూసినవాడికి చాలు. ఆ తర్వాతి చలికాలం ఆయన వెనక ఉంటే ముందు లారీ ఎక్కడానికి ఒక్కడూ రాలేదు. ముఖం మీద అనలేదు, ఏదో నడుం నొప్పి, ఏదో పెళ్ళి. చివరికి గనివాళ్ళు ఆయనకే ముందు లారీ ఇచ్చారు. మొదటి రోజు నది దాటి, అడవి దాటి, కనుమ ఎక్కగానే ఆపాడు. దిగి నిలబడ్డాడు. కింద తెల్లటి లోయలు, వాటి మీద నీలం నీడలు, దూరంగా మా ఊరి పొగ.

"గవ్రీల్, ఇది ఎప్పుడూ ఇలాగే ఉండేదా?"

"ఇలాగే ఉండేది అన్నా."

"వాడు చూసేవాడన్నమాట" అన్నాడు. ఆ చలికాలం అయ్యాక లారీ తాళాలు ఇచ్చేసి, ఊళ్ళో వేడినీళ్ళ బాయిలరు దగ్గర బొగ్గు వేసే పనిలో చేరాడు.

ఆ డ్రమ్ము మాత్రం గనికి చేరింది. బిగించారు. చాలా ఏళ్ళు తిరిగింది. ఊళ్ళోకి కూడా దాని చప్పుడు వినపడేది, గాలి ఇటు వీస్తే. అలాంటప్పుడు ఇస్పిరియెన్ కిటికీ మూసేవాడు. "ఎందుకయ్యా ఉక్కపెట్టి చంపుతావు?" అని బలగియా తెరిచేది.

ఒకసారి చెప్పబోయాడు కూడా. నేను అక్కడే ఉన్నాను, ఆ ఇంట్లో నేను లేనిదెప్పుడు? తాగి ఉన్నాడు, ఆయన తాగడం అరుదు. "బలగియా, ఆ రోజు మీ తమ్ముడు హారన్..." అన్నాడు. ఆమె వచ్చి ఆయన తల తన పొట్టకి ఆనించుకుని, "ఊరుకో, ఊరుకో. నువ్వు చెయ్యగలిగింది చేశావు. వదల్లేదు. నాకు అది చాలు" అంది. ఆయన నోరు మూసుకున్నాడు. ఆమెకి నిజంగానే అది చాలు. తమ్ముడు పోయాక ఆ మనిషి దేన్ని పట్టుకుని నిలబడిందంటే, ఆ ఒక్క మాటనే. దాన్ని ఎవరు లాగుతారు? నేనా?

ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు. నేనూ అయ్యాను, నడకే చేతకావడం లేదు, నడిచేవాణ్ణి కదా నేను. మొన్న మొదటి మంచు పడిన రోజు వాళ్ళింటికి వెళ్ళాను. గనిలో కొత్తగా చేరిన ఇద్దరు డ్రైవర్లు వచ్చి కూర్చున్నారు. బలగియా అట్లు పోసింది. చెయ్యి వణుకుతోంది, అట్లు మాత్రం అప్పటిలాగే ఉన్నాయి. వాళ్ళకి ఆ కథ మొదలుపెట్టింది. నేను ఎన్నిసార్లు విన్నానో.

"అంత పెద్ద ఇనుము జారిపోతుంటే ఇంకెవడైనా అయితే వదిలేసి తన ప్రాణం చూసుకునేవాడు. ఈయన వదిలాడా? చూడండి ఆ చేతులు. మీరూ మగాళ్ళయితే అలా ఉండండి. పక్కవాణ్ణి వదలకండి."

ఆ కుర్రవాళ్ళు భక్తిగా ఇస్పిరియెన్ వైపు చూశారు. ఆయన ప్లేటులో అట్టు చల్లారిపోతోంది.

"ఈ గవ్రీల్ కళ్ళారా చూశాడు. చెప్పు గవ్రీల్, వాళ్ళకి చెప్పు. వదిలాడా?"

ఇస్పిరియెన్ తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. చేతులతో గాల్లో గీస్తూ సగంలో ఆగిపోయి, నా వైపు తిరిగి చూసిన ఆనాటి చూపే.

"వదల్లేదు వదినా" అన్నాను.

బలగియా తృప్తిగా తలూపి, వెన్నముద్ద తీసి పొయ్యిలో వేసింది. మంట లేచింది. ఇస్పిరియెన్ లేచి, కోటు తొడుక్కుని, కట్టెలు తెస్తానని బయటికి వెళ్ళాడు. పొయ్యి పక్కన కట్టెల పెట్టె నిండుగానే ఉంది.